పొగగొట్టం పలికితే పరాకు వద్దు

ఏర్పేడు: తిరుపతి-శ్రీకాళహస్తి ప్రధాన రహదారిలో వెళ్లే ప్రతి వాహనమూ ఏర్పేడు దాటిపోవలసిందే. వెంకటగిరి దారి చీలేదీ ఇక్కడే. కొండ దిగి రాహుకేతు పూజకు పోయే తమిళనాడు కార్లు, రేణిగుంట విమానాశ్రయానికి పరుగులు తీసే ట్యాక్సీలు, ఐ.ఐ.టి., ఐసర్ విద్యాసంస్థలకు వచ్చిపోయే వాహనాలు, ట్రాక్టర్లు, లారీలు... పగలూ రాత్రీ రద్దీయే. ఇన్నిటి నడుమ ఒక కారు కాస్త గట్టిగా అరిస్తే పట్టించుకునేదెవరు? దాని యజమాని అయినా పట్టించుకోవాలి. సైలెన్సర్ చేసే వింత చప్పుడు మొదట చెవికి, తర్వాత జేబుకు, ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ఎసరు పెడుతుంది.

“అన్నా, తెల్లారి స్టార్టు చేస్తానే టకటకా అంటాది. రేణిగుంట చేరేలోపల గమ్మునైపోతాది. షెడ్డుకు తీసుకొస్తే ఏమీ వినపడదు.” ఈ ఫిర్యాదు వినని మెకానిక్ ఈ దారిలో వుండడు. కారు తెచ్చినప్పుడు జబ్బు కనిపించదు, ఇంటికి వెళ్లాక తిరగబెడుతుంది. యజమాని చెప్పేది అబద్ధమని మెకానిక్కు, మెకానిక్కు పని రాదని యజమానికి అనుమానం. నిజానికి ఇద్దరూ సరైనవారే. చప్పుడు వేడెక్కితే పోవడమే ఆ జబ్బు లక్షణం. చల్లని ఇంజను దగ్గర పరీక్షించాలి తప్ప, పన్నెండు కిలోమీటర్లు నడిపి తెచ్చిన ఇంజను దగ్గర కాదు. రాత్రి బండిని షెడ్డులోనే వదిలి, తెల్లవారి మెకానిక్ చేతనే స్టార్టు చేయించడం దీనికి తేలికైన ఉపాయం.

సెకనుకు 27 దెబ్బలు

పొగగొట్టం ఎందుకు అరుస్తుందో తెలియాలంటే అసలది అరవకుండా ఎలా వుంటున్నదో ముందు తెలియాలి. నాలుగు సిలిండర్ల ఇంజను ఆగివున్న కారులో నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. ప్రతి రెండు చుట్లకు నాలుగు సిలిండర్లూ ఒక్కొక్కసారి మండుతాయి. అంటే నిమిషానికి 1600 సార్లు, సెకనుకు సుమారు 27 సార్లు, ఒత్తిడితో వున్న వేడి వాయువు గొట్టంలోకి దూకుతుంది. 3000 చుట్ల వేగం వద్ద సెకనుకు 100 సార్లు. ప్రతి దూకుడూ ఒక చిన్న తుపాకి పేలుడు వంటిదే. మూడు సిలిండర్ల చిన్న కార్లలో ఆగివున్నప్పుడు సెకనుకు 20 దెబ్బలే పడతాయి కనుక, వాటి గొంతు సహజంగానే కాస్త గరగరగా వుంటుంది. కొత్తగా కొన్నవారు దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు.

ఈ దెబ్బలను మింగేదే సైలెన్సర్ డబ్బా. దాని లోపల గదులు, చిల్లులు పొడిచిన గొట్టాలు, కొన్నిటిలో పీచు వంటి పదార్థం వుంటాయి. ఒక గదిలో తగిలి వెనక్కి వచ్చిన శబ్దతరంగం ఎదురుగా వచ్చే తరంగాన్ని దెబ్బతీస్తుంది. మిగిలినది పీచులో ఇంకిపోతుంది. అమెరికాలో రీవ్స్ సోదరులు ఇంజను సైలెన్సర్‌కు 1897లోనే పేటెంటు పొందారు. అప్పటి నుంచీ సూత్రం పెద్దగా మారలేదు.

మారింది ముందున్న సరంజామా. అంబాసిడర్ రోజుల్లో మానిఫోల్డు, ఒక పొడుగాటి గొట్టం, డబ్బా, తోక గొట్టం, అంతే. 1995లో నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు కాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది. సీసం లేని పెట్రోలు 2000 నాటికి దేశమంతటా వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక డీజిలు బండ్లకు మసిని పట్టే ఫిల్టరు కూడా తోడైంది. ఇప్పుడు ఇంజను నుంచి తోక దాకా మానిఫోల్డు, కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, కదలికను తట్టుకునే ఫ్లెక్సిబుల్ పైపు, చిన్న డబ్బా, పెద్ద డబ్బా, వీటిని వేలాడదీసే రబ్బర్లు, వేడి తగలకుండా అడ్డుపెట్టే పలుచని రేకులు వరుసగా వుంటాయి. ఎక్కడ చెడితే అక్కడి చప్పుడు వేరు. వైద్యుడు నాడి పట్టినట్లు చెవి పట్టగలిగితే సగం పని అయినట్లే.

ఏ చప్పుడుకు ఏ జబ్బు?

మొదట చెప్పిన టకటక సంగతి చూద్దాం. అది మానిఫోల్డు దగ్గర వాయువు తప్పించుకుపోతున్న చప్పుడు. మానిఫోల్డు చాలా బండ్లలో పోత ఇనుము, దాన్ని బిగించిన ఇంజను హెడ్డు అల్యూమినియం. వేడికి రెండూ ఒకే తీరుగా సాగవు. రోజూ కాగి చల్లారి, కాగి చల్లారి, చివరనున్న స్టడ్డు ఏదో ఒకనాడు విరుగుతుంది, లేదా గాస్కెట్ కాలిపోతుంది, లేదా మానిఫోల్డులోనే వెంట్రుకవాసి పగులు పడుతుంది. చల్లగా వున్నప్పుడు ఆ సందు తెరుచుకుని వుంటుంది. ఇంజను కాగిన కొద్దీ లోహం సాగి సందును మూసేస్తుంది. రేణిగుంట చేరేలోపల ‘గమ్మునైపోవడం’లోని కిటుకు ఇదే. అయితే సందు నానాటికీ పెద్దదవుతుంది; కొన్నాళ్లకు కాగినా మూసుకోదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంజను ట్యాపెట్ల చప్పుడు కూడా టకటకే. ఆయిలు తగ్గినా, పలుచబడినా అదే తాళం వేస్తుంది. రెంటినీ వేరు చేయడానికి ఒక మార్గం వుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి బండి మీద బరువు పెంచినప్పుడు వాయువు లీకు చప్పుడు బాగా పెరుగుతుంది, తీసేస్తే తగ్గుతుంది. ట్యాపెట్ల చప్పుడు ఇంజను వేగంతో పాటు తొందరపడుతుందే గాని బరువుకు అంతగా స్పందించదు. మానిఫోల్డు అంచున నల్లని మసి చార కనబడితే ఇక సందేహమే లేదు. ఆయిలు మట్టం చూడకుండానే “ట్యాపెట్లు సెట్ చేయాలి” అని ఇంజను మూత విప్పే మెకానిక్ దగ్గర నుంచి బండిని వెనక్కు తెచ్చుకోవడం మేలు.

పాతకాలపు మెకానిక్కులు ఒక్కొక్క ప్లగ్గు వైరు పీకి చూసేవారు. ఏ వైరు పీకితే టకటక ఆగిందో ఆ సిలిండరు దగ్గరే లీకు. అంబాసిడర్‌కు అది చక్కని పరీక్ష. కన్వర్టర్ వున్న బండికి మాత్రం పనికిరాదు. మండని పెట్రోలు నేరుగా కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. దానితో లోపలున్న పింగాణీ తేనెపట్టు కరిగిపోయే ప్రమాదం వుంది. ఒక్క టకటక కోసం అంత ఖరీదైన భాగాన్ని పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

రెండో రకం ‘భోం’మనే బొంగురు గొంతు. కారు హఠాత్తుగా ట్రాక్టరులా మారినట్లుంటే డబ్బాకో, గొట్టానికో చిల్లు పడిందని అర్థం. ఒక వేగం వద్ద మాత్రమే కారంతా గుమ్మని మోగి, వేగం మారితే పోతే అది చిల్లు కాకపోవచ్చు. డబ్బా లోపలి గోడలు తుప్పుపట్టి వూడినా, ఇంజను మౌంటింగులు దెబ్బతిన్నా, గొట్టం ఎక్కడో అడుగు రేకుకు ఆనుకున్నా ఇదే తంతు.

గలగలలు మూడు రకాలు. స్పీడ్ బ్రేకరు ఎక్కినప్పుడు అడుగున ‘దడ్’మంటే రబ్బరు తెగి గొట్టం వూగుతున్నది. చల్లగా వున్నప్పుడు, అదీ ఆగివున్న బండిలో, జిర్రుమని సన్నగా వణికితే వేడి అడ్డురేకు మేకు వదులైంది. ఇది వినడానికి భయంగా వుంటుంది గాని అన్నింటిలోకీ అమాయకమైన జబ్బు. మూడోది గాజు ముక్కలు డబ్బాలో పోసి ఆడించినట్లుండేది. కన్వర్టర్ లోపలి తేనెపట్టు విరిగి ముక్కలయిందని దాని అర్థం. ఆ ముక్కలు దారికి అడ్డం పడితే వాయువు బయటకు పోదు, బండి లాగదు, తిరుమల రెండో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మధ్యలోనే మొరాయిస్తుంది. తేనెపట్టు వూరికే విరగదు. ఇంజను మండటంలో లోపముంటేనో, ఆయిలు తాగుతుంటేనో, కింద రాయి తగిలితేనో విరుగుతుంది. మొదటి కారణాన్ని వదిలి కన్వర్టర్ మాత్రమే మార్చినవారు మళ్లీ మార్చుకోవలసి వస్తుంది.

‘టప్, టప్’ అని పేలే చప్పుడుకు ఘాట్ రోడ్డే మంచి పరీక్షాస్థలం. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు కొండ దిగడానికి వాడుకలో వుంది. దిగేటప్పుడు గేరులో వుంచి కాలు తీస్తే, పొగగొట్టంలో సందు వున్న బండి బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. కాలకుండా వచ్చిన కాస్త ఇంధనం ఆ గాలితో కలిసి గొట్టంలోనే పేలుతుంది. దిగేటప్పుడు మాత్రమే పేలితే లీకును వెతకాలి. నేల మీద, ఎక్కేటప్పుడు కూడా పేలుతూ, దెబ్బల వరసలో ఒకటి తప్పినట్లు బండి కుంటుతుంటే ప్లగ్గులు, కాయిళ్లు, ఇంజెక్టర్ల వైపు చూడాలి. అది పొగగొట్టం జబ్బు కాదు, ఇంజనుది. గొట్టం కేవలం చాడీ చెబుతున్నది.

టర్బో డీజిలు బండ్లలో కొత్తగా ఈల మొదలై, దాంతోపాటు పికప్ తగ్గి, నల్లపొగ వస్తుంటే టర్బోకు గాలి తీసుకుపోయే గొట్టాలను, టర్బోకు ముందున్న అతుకులను చూడాలి. దీన్ని నాన్చకూడదు.

ఇంటి దగ్గర చూసుకోదగినవి

ఆరుబయట, ఇంజను చల్లగా వుండగా మొదలు పెట్టాలి. ఒకరు బండి స్టార్టు చేస్తే మరొకరు మందపాటి తడిగుడ్డను చేతికి చుట్టుకుని తోక గొట్టాన్ని రెండు మూడు క్షణాలు మాత్రం అదిమి పట్టాలి. అంతా గట్టిగా వుంటే వాయువు చేతిని తోస్తుంది, ఇంజను ఇబ్బంది పడుతుంది. ఎక్కడో చిల్లు వుంటే ‘బుస్సు’మని అక్కడి నుంచి వినబడుతుంది. గొట్టం కాగిన తర్వాత ఈ పని చేయరాదు. సబ్బునీరు అతుకుల మీద చల్లితే బుడగలు లీకును పట్టిస్తాయి. సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్లే. బారెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, మరో కొస అతుకుల దగ్గర పెట్టి వింటే చప్పుడు ఏ చోటిదో తెలిసిపోతుంది. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారాక, డబ్బాను పిడికిలితో తట్టి చూడవచ్చు. లోపల ఏదైనా వూడివుంటే అదే పలుకుతుంది.

ఒక హెచ్చరిక. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందకు తల దూర్చరాదు. కింద స్టాండ్లు వుండాలి, లేదా గుంత వున్న షెడ్డుకు తీసుకుపోవాలి. పొగగొట్టం చిల్లు కంటే జాకీ జారడం పెద్ద ప్రమాదం.

తుప్పు లోపలి నుంచే

సైలెన్సర్ బయట నుంచి తుప్పుపడుతుందని చాలామంది భావన. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు తయారవుతుందంటే నమ్మబుద్ధి కాదు గాని, రసాయన లెక్క అదే. దూర ప్రయాణంలో డబ్బా బాగా కాగి ఆ నీరంతా ఆవిరై పోతుంది. ఇంటి నుంచి ఏర్పేడు రైల్వే స్టేషను దాకా, అక్కడి నుంచి అంగడి దాకా మాత్రమే తిరిగే కారులో డబ్బా కాగేలోపలే ప్రయాణం ముగుస్తుంది. నీరు అడుగున నిలిచి లోపలి నుంచి కొరికేస్తుంది. రోజంతా తిరిగే ట్యాక్సీ సైలెన్సర్ ఏళ్ల తరబడి నిలిస్తే, వారానికొకసారి తీసే ‘జాగ్రత్తపరుల’ కారు సైలెన్సర్ ముందు చెడడంలో వింత లేదు. నీరు కారిపోవడానికి కొన్ని డబ్బాల అడుగున సూదిరంధ్రం వుంటుంది. అది చిల్లు అనుకుని వెల్డింగుతో పూడ్పించేవారున్నారు. అలా చేస్తే డబ్బా ఆయుష్షు తగ్గుతుంది. ఉదయం పూట తోక గొట్టం నుంచి నాలుగు నీటి చుక్కలు రాలితే ఇంజను చెడిందని బెంబేలు పడనక్కరలేదు.

ఈశాన్య రుతుపవనాల కాలంలో మరో చిక్కు. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు, స్వర్ణముఖి పరిసరాలు నీట మునిగిన సంగతి ఎవరూ మరచిపోలేదు. కాగిన కన్వర్టర్ ఒక్కసారిగా చన్నీళ్లలో మునిగితే లోపలి పింగాణీ పగలవచ్చు. వాగు నీటిలో కారు నడిపిన కొన్నాళ్లకు గలగల మొదలైతే ఆ ప్రయాణాన్ని గుర్తు చేసుకోవాలి, మెకానిక్కు చెప్పాలి.

వాసన లేని విషం

అన్నింటికంటే ముఖ్యమైన సంగతి చప్పుడు గురించి కాదు. లీకయ్యే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ వుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్లుండడం, మగత దాని గుర్తులు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇవే లక్షణాలు వస్తే కడుపులో తిప్పడమని సరిపెట్టుకుంటారు. చాలావరకు అది నిజమే. కాని బొంగురు గొంతుతో నడిచే కారులో, అద్దాలు మూసి, ఏ.సి. వేసుకుని వెళ్తున్నప్పుడు అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే వెంటనే బండి ఆపి దిగాలి. అద్దాలు దించాలి. స్పృహ తప్పినవారుంటే 108కి ఫోన్ చేయాలి. వారికి కావలసింది ఆక్సిజన్. సోడా, నిమ్మరసం కాదు.

దూరం నుంచి వచ్చే యాత్రికులు రాత్రివేళ రోడ్డు పక్కన కారు ఆపి, ఇంజను, ఏ.సి. నడుస్తుండగానే నిద్రపోవడం సర్వసాధారణమైపోయింది. అడుగున సందు వున్న కారుకు ఇది మృత్యుశయ్య. ముందు మానిఫోల్డు దగ్గర లీకయిన వాయువు గాలి తీసుకునే జాలీ గుండా లోపలికి చేరగలదు. నడిచే కారులో గాలి దాన్ని తరిమివేస్తుంది, నిలిచిన కారులో తరమదు. షట్టరు దించిన షెడ్డులో ఇంజను నడపడం కూడా ఇంతే ప్రమాదం, సైలెన్సర్ ఎంత కొత్తదైనా సరే.

వెల్డింగా, మార్పిడా?

గొట్టానికి ఒక చోట చిల్లు పడి చుట్టూ రేకు గట్టిగా వుంటే వెల్డింగు చాలు. స్క్రూడ్రైవరు కొసతో పొడిస్తే రేకు లోపలికి పోతున్నదంటే వెల్డింగు పెట్టినా పక్కనే మళ్లీ పడుతుంది. కొత్తది వేయించడమే చవక. ఇళ్లలో వాడే ఎపాక్సీ ముద్దలు ఈ వేడికి నిలవవు. వేడిని తట్టుకునే సైలెన్సర్ పేస్టు వూరు చేరేదాకా ఆదుకుంటుందే గాని శాశ్వతం కాదు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పించాలి. లేకపోతే గొట్టం బాగుపడి కంప్యూటరు పాడయ్యే అవకాశం వుంది.

రబ్బర్ల ధర స్వల్పం. అవి తెగినప్పుడు ఇనుప తీగతో కట్టి నెట్టుకురావడం ఇక్కడ పరిపాటి. తీగ వూగనివ్వదు, వణుకంతా మానిఫోల్డుకు చేరి అక్కడ పగులు తెస్తుంది. చిల్లర మిగుల్చుకుని నోటు పారేసుకోవడమంటే ఇదే.

కన్వర్టర్ చెడిందని చెప్పి, దాన్ని పీకి ఖాళీ గొట్టం వేసే పద్ధతి కూడా వుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే విలువైన లోహాలు వుంటాయి. పాత సామాను వ్యాపారులకు దాని విలువ బాగా తెలుసు, యజమానికే తెలియదు. విప్పిన ప్రతి భాగాన్నీ అడిగి తీసుకోవాలి. ఖాళీ గొట్టం వేస్తే చప్పుడు పెరుగుతుంది, హెచ్చరిక దీపం ఆరదు, కాలుష్య పరీక్షలో బండి గట్టెక్కదు. సెన్సర్ దగ్గర లీకు వుంటే కూడా ఆ దీపం వెలగవచ్చు. బయటి గాలి కలవడంతో ఇంజనుకు ఇంధనం చాలడం లేదని కంప్యూటరు భ్రమపడి మరింత పోస్తుంది. మైలేజీ తగ్గిందని పెట్రోలు బంకును తిట్టేవారు ఒకసారి బండి కిందకు కూడా చూడాలి.

కావాలని అరిపించేవారు

ఇదిలా వుండగా, బాగున్న సైలెన్సర్‌ను విప్పి గోల గొట్టం బిగించుకునే కుర్రకారు సంగతి వేరు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లోని 120వ నిబంధన ప్రకారం ప్రతి వాహనానికీ, వ్యవసాయ ట్రాక్టరుతో సహా, శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ వుండి తీరాలి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరిన వాహనం నడిపితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత కూడా వుంది. పలు నగరాల్లో పోలీసులు ఇటువంటి సైలెన్సర్లను విప్పించి రోడ్డు రోలరు కింద తొక్కించారు.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి విధించాయి. పాఠశాలలు, ఆస్పత్రులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ ఇంకా తక్కువ. మలయాళస్వామి వ్యాసాశ్రమం, రెండు జాతీయ విద్యాసంస్థలు వున్న ఏర్పేడు మండలంలో ఈ అంకెలు గోడ మీద రాసిపెట్టదగినవే. గోల గొట్టం బిగించిన వారికి మరో నష్టం వుంది. ఆ రొదలో ఇంజను చేసే అసలు టకటక వారికి వినబడదు. వినబడేసరికి బండి రోడ్డు పక్కన ఆగివుంటుంది.

కొండకు బయలుదేరేవారు అలిపిరి చేరకముందే, చదును రోడ్డు మీద, రేడియో ఆపి, రెండు వైపులా అద్దాలు దించి, ఒక పొడుగాటి గోడ పక్కగా నెమ్మదిగా ఒక ఫర్లాంగు నడిపి చూడాలి. గోడ చప్పుడును తిప్పి కొడుతుంది కనుక రోడ్డు మీద వినబడనిది అక్కడ వినబడుతుంది. ముందు నుంచి టకటకో, అడుగు నుంచి బుస్సో వినిపిస్తే ఆ పూట ప్రయాణం మానుకుని షెడ్డుకు మళ్లించవచ్చు. వెనుక సీట్లో పిల్లలు, ముసలివారు వున్నప్పుడు మరీ ముఖ్యం.